పదకొండుసార్లు క్లీనింగ్ చేసినా మెజెంటా రాని ప్రింటర్

మీరు రాసినదాన్ని ముందు నా మాటల్లో ఒకసారి చెప్పుకుంటాను, పొరపాటు పడితే సరిదిద్దండి. మీది రెండేళ్లనాటి ఇంకు ట్యాంక్ ప్రింటర్. ఇల్లు మారేటప్పుడు అట్టపెట్టెలో పక్కకు పడుకోబెట్టి తీసుకెళ్లారు. ఆ తరువాత రెండు నెలలు దాని జోలికి వెళ్లలేదు. ఇప్పుడు నల్ల అక్షరాలకు అడ్డంగా తెల్లగీతలు పడుతున్నాయి. మెజెంటా, అంటే గులాబీ ఛాయ ఎరుపు, అసలు రావడం లేదు, ట్యాంకులో చూస్తే సగానికి పైగా ఉంది. ఒక కాగితం లాగవలసిన చోట రెండు మూడు లాగుతోంది. ఇవి చాలవన్నట్టు ప్రింటర్ ఆఫ్‌లైన్‌లో ఉందని కంప్యూటర్ అప్పుడప్పుడు మొరాయిస్తోంది. ఇంకు చిమ్మే భాగమైన హెడ్‌ను శుభ్రం చేసే హెడ్ క్లీనింగ్ పదకొండుసార్లు చేసి, ఇక పారేయాలా అని అడుగుతున్నారు.

పారేయవద్దు. పన్నెండోసారి క్లీనింగ్ బటన్ కూడా ఇప్పుడే నొక్కవద్దు.

పదహారేళ్లుగా ఇళ్లలో వాడే ప్రింటర్లను బాగుచేస్తున్నాను. నా బల్ల మీదకు వచ్చేవాటిలో నిజంగా ప్రాణం పోయినవి తక్కువ, వైద్యం వికటించినవి ఎక్కువ. గీత పడిందంటే క్లీనింగ్, రంగు మారిందంటే క్లీనింగ్, ఆఖరికి కాగితం ఇరుక్కున్నా క్లీనింగ్ చేసి తెచ్చినవాళ్లున్నారు. జ్వరమో అజీర్ణమో తెలియకుండా ఒకే మాత్ర మింగించడం లాంటిది ఇది. మీ యంత్రానికి ఉన్నది ఒక జబ్బు కాదు, నాలుగు. ఒకదానితో ఒకదానికి సంబంధం లేదు. వాటిని విడదీయడమే సగం పని.

విడదీయడానికి మొదటి మెట్టు కంప్యూటర్‌ను పక్కన పెట్టడం. యూఎస్‌బీ తీగ తీసేయండి, వైఫై సంగతి మరిచిపోండి. ప్రింటర్ మీద ఉన్న బటన్లతోనే నాజిల్ చెక్ పేజీ తీయండి. ఏ బటన్ ఎంతసేపు నొక్కాలో మోడల్‌ను బట్టి మారుతుంది, మాన్యువల్‌లో ఉంటుంది. స్కానర్ కూడా ఉంటే గాజు మీద ఏదైనా రంగుల బొమ్మ పెట్టి నేరుగా కాపీ తీయండి. ఇవి శుభ్రంగా వచ్చి, కంప్యూటర్ నుంచి పంపినవే పాడుగా వస్తుంటే తప్పు డ్రైవర్‌లోనో (కంప్యూటర్‌లో ప్రింటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) సెట్టింగులలోనో ఉంది, యంత్రానికి ఏమీ కాలేదు. ఇవి కూడా పాడుగానే వస్తే అప్పుడు మూత తెరవడంలో అర్థముంది. ఐదు నిమిషాల ఈ పరీక్ష చేయకపోవడం వల్లనే నిక్షేపంగా ఉన్న హెడ్‌లను కూడా జనం విప్పేస్తారు.

నాజిల్ చెక్ పేజీ ఈ వైద్యంలో నాడి లాంటిది. దాన్ని చదవడం రావాలి. పేజీ మీద ఒక్కో రంగుకు మెట్లుమెట్లుగా చిన్నచిన్న గీతలుంటాయి. ఒక్కో గీత ఒక్కో నాజిల్ గీసినది. నాజిల్ అంటే హెడ్ అడుగున ఉండే సూక్ష్మరంధ్రం, వెడల్పు సుమారు 20 మైక్రాన్లు, అంటే తల వెంట్రుక మందంలో మూడో వంతుకు అటూఇటూ. అందులోంచి వచ్చే ఒక్కో బిందువు కొన్ని పికోలీటర్లు మాత్రమే. లీటరులో లక్ష కోట్లవ వంతును పికోలీటరు అంటారు. ఇంత సన్నని దారిలో ఇంకు కాస్త చిక్కబడినా చాలు, ఆ గీత మాయమవుతుంది.

ఒక్క పేజీతో సరిపెట్టుకోవద్దు. పది నిమిషాల తేడాతో రెండు పేజీలు తీసి పక్కపక్కన పెట్టండి, వీలైతే భూతద్దంతో చూడండి. రెండు పేజీల్లోనూ అవే గీతలు, అదే చోట లేకపోతే అక్కడ ఇంకు ఎండి రంధ్రం మూసుకుపోయినట్టు. మొదటి పేజీలో లేని గీత రెండో పేజీలో ప్రత్యక్షమై, ఇంకోచోట కొత్త గీత మాయమైతే రంధ్రాలు బాగానే ఉన్నాయి, ఇంకుతో పాటు గాలి వస్తోంది లేదా ఇంకు అందడం లేదు. ఒక రంగు గడి మొత్తం ఖాళీగా ఉంటే వందల రంధ్రాలు ఒకేసారి మూసుకుపోయాయని అనుకునేకంటే, ఆ రంగు హెడ్ దాకా రావడమే లేదని అనుమానించడం మేలు. పసుపు గడిలో ఆకుపచ్చ జీర కనిపిస్తే హెడ్‌కు మూతలా ఉండే క్యాప్ మురికిపట్టి రంగులు కలుస్తున్నాయి. గీతలన్నీ నిండుగా ఉండి ముద్రణ మాత్రం బాగాలేకపోతే క్లీనింగ్ మాటే ఎత్తవద్దు. అలైన్‌మెంటో (చుక్కలు సరైన చోట పడేలా సరిచేయడం) కాగితం సెట్టింగో చూడాలి.

మీరు వివరించిన ప్రకారం నలుపు గడిలో మూడుచోట్ల ఖాళీలు ప్రతిసారీ అక్కడే ఉన్నాయి. మెజెంటా గడి మొత్తం ఖాళీ. సయాన్ (లేత నీలం), పసుపు నిండుగా ఉన్నాయి. అంటే నలుపుది ఎండిన జబ్బు, మెజెంటాది గాలి జబ్బు. రెండింటికీ ఒకే మందు వేస్తూ వచ్చారు.

క్లీనింగ్ బటన్ నొక్కినప్పుడు లోపల ఏం జరుగుతుందో తెలిస్తే అది ఎందుకు ఎదురుతిరుగుతుందో అర్థమవుతుంది. హెడ్ కుడి చివరకో ఎడమ చివరకో వెళ్లి రబ్బరు అంచున్న ఒక చిన్న గిన్నె మీద కూర్చుంటుంది. అదే క్యాప్. దాని కింద ఒక పంపు ఉంటుంది. ఆ పంపు నాజిళ్ల గుండా ఇంకును కిందికి పీలుస్తుంది, తరువాత వైపర్ అనే రబ్బరు ముక్క హెడ్ అడుగును తుడుస్తుంది. పీల్చిన ఇంకు ఎక్కడికి పోతుంది? యంత్రం అడుగున ఉన్న స్పాంజి ప్యాడ్‌లోకి. మీ పదకొండు క్లీనింగుల ఇంకంతా అక్కడే ఉంది. క్యాప్ అంచు హెడ్‌కు సరిగ్గా ఆనకపోతే పంపు ఇంకుకు బదులు బయటి గాలిని పీలుస్తుంది. అప్పుడు ఒక్కో క్లీనింగ్‌కు నాలుగు గీతలు తిరిగి రావడానికి బదులు మరో నాలుగు పోతాయి. క్లీనింగ్ చేసేకొద్దీ పేజీ పాడవుతోందని ఎవరైనా చెబితే నేను హెడ్‌ను కాదు, ముందు క్యాప్‌ను చూస్తాను.

అందుకే చాలా ట్యాంక్ ప్రింటర్ల మాన్యువల్‌లో క్లీనింగ్ రెండు మూడుసార్లు చేసి ఫలితం లేకపోతే ప్రింటర్‌ను ఆపి కనీసం సగం రోజు కదపకుండా ఉంచమని రాసి ఉంటుంది. ఇది దాటవేత మాట కాదు. ఆ సమయంలో ఎండిన ఇంకును వెనకనున్న తాజా ఇంకు నానబెట్టి కరిగిస్తుంది, హెడ్‌లోని చిన్న బుడగలు పైకి తేలతాయి లేదా ఇంకులోనే కలిసిపోతాయి. రాత్రి ఇరవై గీతలు లేని పేజీ తెల్లవారేసరికి మూడు గీతల దగ్గరికి రావడం నేను చాలాసార్లు చూశాను. మధ్యలో చేసిన వైద్యం నిద్రపోవడం ఒక్కటే.

మీ మెజెంటా సంగతి మొదట చూద్దాం, అది తేలిక. స్కానర్ మూత ఎత్తి టార్చిలైటు వేయండి. ట్యాంకుల దగ్గరనుంచి హెడ్ దాకా నాలుగు సన్నని గొట్టాలు ఒక పట్టీలా కలిసి వెళుతుంటాయి. చాలా మోడళ్లలో అవి పారదర్శకంగా ఉంటాయి. మిగతా మూడింటిలో రంగు నిండుగా కనిపించి, మెజెంటా గొట్టంలో మధ్యమధ్య ఖాళీలు కనిపిస్తే అదే గాలి. ప్రింటర్‌ను పక్కకు పడుకోబెట్టినప్పుడు గొట్టం మొదలు దగ్గర ఇంకు పక్కకు జరిగి గాలి దూరి ఉంటుంది. కొన్ని మోడళ్లలో రవాణా సమయంలో ఇంకును ఆపే చిన్న వాల్వ్ ఉంటుంది. దాన్ని మూసి, మళ్లీ తెరవడం మరిచిపోయి నా దగ్గరికి వచ్చినవాళ్లు కూడా ఉన్నారు. మీ మోడల్‌కు అది ఉందేమో ముందు చూడండి. ఉండి, మూసి ఉంటే మీ సమస్య అర నిమిషంలో తీరిపోయినట్టే.

గాలిని తోసేయడానికి మామూలు క్లీనింగ్ చాలదు, అది గొట్టంలోని ఇంకును కొద్దిగా మాత్రమే కదుపుతుంది. ట్యాంక్ ప్రింటర్లలో పవర్ క్లీనింగ్ అనో సిస్టమ్ క్లీనింగ్ అనో ఇంకా పెద్ద క్లీనింగ్ ఒకటి ఉంటుంది. గొట్టాల్లో ఉన్న ఇంకునంతా లాగి కొత్త ఇంకు నింపుతుంది. దానికి ఇంకు ఎక్కువ పడుతుంది కనుక ప్రతి ట్యాంకులోనూ కనీసం మూడోవంతు ఉండాలి. మెజెంటా ఉంది కదా అని మిగతావి చూడకుండా మొదలుపెడితే, తక్కువున్న రంగు ట్యాంకు అడుగంటి ఆ గొట్టంలోకి కూడా గాలి పోతుంది. అప్పుడు ఒక రంగు సమస్య రెండు రంగులదవుతుంది. దీన్ని ఒక్కసారే చేయండి. చేసిన తరువాత వెంటనే మళ్లీ చేయవద్దు. నాజిల్ చెక్ తీసి, ఇంకా లోపముంటే ప్రింటర్ బటన్‌తోనే ఆపి మర్నాటిదాకా వదిలేయండి.

నలుపు దగ్గర పని వేరు. చాలా ఇంటి ప్రింటర్లలో నలుపు పిగ్మెంట్ ఇంకు, రంగులు డై ఇంకులు. డై అంటే నీళ్లలో పూర్తిగా కరిగిన రంగు. పిగ్మెంట్ అంటే కరగకుండా తేలుతూ ఉండే అతిసూక్ష్మమైన పొడి. అందుకే నల్ల అక్షరాల మీద నీటిచుక్క పడినా అంతగా చెదరవు, అందుకే ఎండినప్పుడు గట్టిపడేది కూడా నలుపే. రెండు నెలలు పడుకున్న ప్రింటర్‌లో ముందు మొండికేసేది సాధారణంగా ఇదే.

దానికి నేను చేసేది ఇది. డిస్టిల్డ్ వాటర్ కొద్దిగా తీసుకుంటాను. కుళాయి నీళ్లు పనికిరావు, వాటిలోని లవణాలు ఆరిపోయాక అవే రంధ్రాలను మూస్తాయి. హెడ్‌ను మధ్యకు తేవాలంటే ఏదైనా పేజీ ముద్రిస్తుండగా హెడ్ కదులుతున్నప్పుడు ప్లగ్ లాగేయాలి. మామూలుగా చేయకూడని పని ఇది, దీనికి మాత్రమే మినహాయింపు. తరువాత హెడ్‌ను వేలితో మెల్లగా పక్కకు జరిపి, బయటపడిన క్యాప్‌ను చూడండి. దాని రబ్బరు అంచు మీద మీగడ కట్టినట్టు ఇంకు పేరుకుని ఉంటుంది. నూలు రాలని గుడ్డ కొనను తడిపి ఆ అంచును నాలుగువైపులా తుడవండి. వైపర్‌ను కూడా తుడవండి, దానికి పట్టిన వెంట్రుకో దారపు పోగో హెడ్ కింద ఈడ్చుకుంటూ వెళ్లి మీ అక్షరాల మీద మరకలు వేస్తుంటుంది. ఇప్పుడు క్యాప్ గిన్నెలో డిస్టిల్డ్ వాటర్ డ్రాపర్‌తో అంచు దాకా నింపి, హెడ్‌ను దాని మీదికి జరిపి, కొన్ని గంటలు వదిలేయండి. హెడ్ అడుగు ఆ తడిలో నానుతుంది.

ఇందులోనే ఇంకో పరీక్ష కూడా ఉంది. మళ్లీ ప్లగ్ పెట్టి ఒక్క క్లీనింగ్ చేసి, ఇంతకుముందు లాగే హెడ్‌ను పక్కకు జరిపి క్యాప్ చూడండి. పోసిన నీళ్లు లేకపోతే పంపు పీలుస్తోంది. నీళ్లు అలాగే నిలిచి ఉంటే పంపు దారి మూసుకుపోయింది, ఇన్నాళ్లూ మీరు నొక్కిన క్లీనింగులన్నీ ఉత్త చప్పుడే. ఈ ఒక్క చూపుతో తేలే విషయాన్ని వందల పేజీలు ముద్రించినా తేల్చలేం.

సిరంజితో హెడ్‌లోకి నేరుగా నీళ్లు ఎక్కించే వీడియోలు మీరు చూసే ఉంటారు. నేను కొత్తగా పని మొదలుపెట్టిన ఏడాదే ఆ ప్రయోగం చేశాను. మొండి నలుపు కదలడం లేదని సిరంజిని కాస్త గట్టిగా నొక్కాను. లోపలి పలుచని పొర ఎక్కడో చిట్లి, నీళ్లు హెడ్ పక్కనున్న విద్యుత్ పట్టీలోకి దిగాయి. ప్లగ్ పెట్టగానే ఒక్క క్షణం దీపం వెలిగి ఆరిపోయింది. హెడ్‌తో పాటు లోపలి బోర్డు కూడా పోయింది. యజమానికి నా సొంత ప్రింటర్ ఇచ్చి పంపాను. అప్పటినుంచి నీళ్లను నానడానికి వదిలేస్తాను కానీ తోయను. రెండు రోజులు ఆలస్యమైతే ఏం పోతుంది?

కార్ట్రిడ్జ్ ప్రింటర్ వాడేవాళ్లు కూడా ఇది చదువుతారు కాబట్టి ఒక తేడా చెప్పాలి. ఎప్సన్, బ్రదర్ యంత్రాల్లో హెడ్ యంత్రానికే బిగించి ఉంటుంది, విద్యుత్తు తగిలితే వంగే పీజో స్ఫటికం ఇంకును నెడుతుంది. హెచ్‌పీ, కానన్‌లది వేడి పద్ధతి. నాజిల్ వెనక ఉన్న సూక్ష్మమైన హీటర్ కొన్ని మైక్రోసెకన్లలో 300 డిగ్రీలు దాటి వేడెక్కి, అక్కడి ఇంకు బుడగై ముందున్న చుక్కను బయటికి తోస్తుంది. 1977లో కానన్ ప్రయోగశాలలో వేడి సోల్డరింగ్ ఐరన్ పొరపాటున ఇంకు సిరంజి సూదికి తగిలి, ఇంకు చివ్వున చిమ్మడం చూసి పుట్టిన ఆలోచన ఇది. ఈ రకంలో చాలా చవక మోడళ్లకు హెడ్ కార్ట్రిడ్జ్‌కే అతికి ఉంటుంది. అందుకే వాళ్లకు మీకున్నంత బాధ లేదు, కార్ట్రిడ్జ్ మారిస్తే హెడ్ కూడా కొత్తదే వస్తుంది. మూసుకుపోతే కార్ట్రిడ్జ్ బయటికి తీసి, గోరువెచ్చని నీళ్లలో తడిపి పిండిన గుడ్డను నాలుగు మడతలు వేసి, దానిమీద నాజిళ్లవైపు ఒక నిమిషం ఆనించి ఉంచాలి. రంగుల కార్ట్రిడ్జ్ అయితే గుడ్డమీద సయాన్, మెజెంటా, పసుపు మూడు పట్టీలు విడివిడిగా పడాలి. ఒక పట్టీ పడకపోతే ఆ గదిలో ఇంకు లేదు లేదా దారి మూసుకుంది. రాగిరంగులో మెరిసే విద్యుత్ కొనలకు మాత్రం తడి తగలకూడదు, తగిలితే పూర్తిగా ఆరాకే పెట్టాలి. కార్ట్రిడ్జ్‌ను గుర్తించడం లేదని యంత్రం చెప్పినప్పుడు తుడవవలసినవీ ఆ కొనలనే, వాటికి ఎదురుగా యంత్రంలో ఉన్నవాటినే. కొత్త కార్ట్రిడ్జ్ వేసినా తెల్లకాగితమే వస్తోందంటే అంటించి ఉన్న ప్లాస్టిక్ పట్టీ తీశారో లేదో చూసుకోండి. నవ్వకండి, నెలకు ఒకరైనా ఆ పట్టీతోనే వస్తారు.

ఇక మీ కాగితం గోల. రెండు మూడు ఒకేసారి లాగడానికీ అసలు లాగకపోవడానికీ కారణాలు వేరు. అసలు లాగకపోతే రబ్బరు రోలర్ మీద కాగితపు పొడి పేరుకుని నున్నగా అయిపోయింది. ప్లగ్ తీసి, తడిగుడ్డతో రోలర్‌ను తిప్పుతూ తుడిస్తే గుడ్డ బూడిదరంగుకు వస్తుంది, పట్టు తిరిగి వస్తుంది. స్పిరిట్ వాడకండి, రబ్బరు ఎండి పగులుతుంది. మీలా ఎక్కువ లాగితే ముందుగా చూడవలసింది కాగితమే. ఇల్లు మారిన హడావుడిలో ఆ కట్ట కూడా విప్పి ఉంచేసి ఉంటారు. గాలిలో తేమ తాగిన కాగితాలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. కట్టను పేకముక్కల్లా నాలుగుసార్లు విదిలించి, అంచులు సమం చేసి, ట్రేలో గుర్తు గీతకు మించకుండా పెట్టండి. పక్క గైడ్లు కాగితాన్ని తాకాలి, నొక్కకూడదు. అయినా తగ్గకపోతే కాగితాలను విడదీసే చిన్న రబ్బరు ప్యాడ్ అరిగి ఉండవచ్చు. రెండేళ్లకే అరగడం అరుదు.

ఇరుక్కున్న కాగితం గురించి ఒక్క మాట. మామూలుగా కాగితం ఏ దిక్కున నడుస్తుందో ఆ దిక్కుకే, రెండు చేతులతో, మెల్లగా లాగాలి. చిరిగితే ముక్కలన్నీ బల్ల మీద పరిచి తిరిగి కాగితంలా అమర్చి చూడండి. ఒక మూల తగ్గిందంటే అది లోపలే ఉంది, ఆ తునకే రేపు మళ్లీ కాగితాన్ని ఆపుతుంది. లోపల ఏమీ లేకపోయినా ఇరుక్కుందని యంత్రం పట్టుబడితే వెనక కాగితం పెట్టే చోట టార్చి వేసి చూడండి. పైకి తెరుచుకుని ఉండే ఆ నోట్లోకి ఏదైనా జారుతుంది. జడపిన్నులు, నాణేలు, బలపం ముక్కలు, ఒకసారి ఎవరిదో పోయిందనుకున్న చెవిదిద్దు కూడా నేను బయటికి తీశాను.

హెడ్ టకటకమని గోడకు కొట్టుకుని ఎర్రదీపం వెలిగితే, లేదా బొమ్మ సగంలో పక్కకు జరిగిపోతే దానికీ కాగితానికీ సంబంధం లేదు. హెడ్ నడిచే దారిపొడవునా ఒక పారదర్శక పట్టీ లాగి కట్టి ఉంటుంది. ఎన్‌కోడర్ స్ట్రిప్ అంటారు. దానిమీద అంగుళానికి వందకు పైగా సన్నని గీతలుంటాయి, హెడ్ వాటిని లెక్కపెట్టుకుంటూ తాను ఎక్కడుందో తెలుసుకుంటుంది. ఒక్క ఇంకు మరక పడినా, వేలి జిడ్డు అంటినా లెక్క తప్పుతుంది. హెడ్ శుభ్రం చేసే ఉత్సాహంలో చాలామంది ఈ పట్టీని తడిచేతులతో పట్టుకుని కొత్త సమస్య తెచ్చుకుంటారు. మీరు రేపు మూత తెరుస్తారు కనుకే ఇది చెబుతున్నాను. పొరపాటున తగిలితే తడిపి పిండిన గుడ్డను రెండు వేళ్ల మధ్య పట్టీకి ఇరువైపులా ఆనించి, ఇంకో చేత్తో పట్టీ చివర పట్టుకుని ఒక్కసారి మెల్లగా తుడవండి. ఊడి వస్తే ఏ కొన ఏ కొక్కేనికి ఉందో ఫోనులో ఫోటో తీసుకున్నాకే ముట్టుకోండి.

ఆఫ్‌లైన్ బాధకు ప్రింటర్‌ను విప్పనవసరం లేదు. ఫోను నుంచి ముద్రణ జరిగి కంప్యూటర్ నుంచి జరగకపోతే తప్పు కంప్యూటర్‌దే. చాలాసార్లు అసలు సంగతి ఇది: రౌటర్ ఆపి వేసినప్పుడు ప్రింటర్‌కు కొత్త ఐపీ చిరునామా (నెట్‌వర్క్‌లో దాన్ని గుర్తించే అంకెలు) ఇవ్వవచ్చు, కంప్యూటర్ పాత చిరునామాకే వెళ్లి తలుపు తడుతుంటుంది. కొత్త ఇంట్లో కొత్త రౌటర్ అయితే ఇది మరీ సహజం. ప్రింటర్ నుంచి నెట్‌వర్క్ వివరాల పేజీ ముద్రించి, అందులోని చిరునామానూ కంప్యూటర్‌లో ఆ ప్రింటర్ పోర్ట్ దగ్గరున్న చిరునామానూ పోల్చండి. తేడా ఉంటే ప్రింటర్‌ను తొలగించి తిరిగి చేర్చండి, తరువాత రౌటర్ సెట్టింగులలో ప్రింటర్‌కు ఒకే చిరునామా కేటాయించండి. ఇంకొకటి, చాలా ఇంటి ప్రింటర్లకు 2.4 గిగాహెర్ట్జ్ వైఫై మాత్రమే తెలుసు. 5 గిగాహెర్ట్జ్ పేరు వాటి జాబితాలో కనిపించనే కనిపించదు.

చిరునామా సరిగ్గానే ఉండి, పంపిన పేజీ వరుసలో నిలిచిపోయి రద్దు చేసినా పోకపోతే విండోస్‌లో సర్వీసెస్ తెరిచి ప్రింట్ స్పూలర్‌ను, అంటే పేజీలను వరుసలో పెట్టి ప్రింటర్‌కు పంపే ప్రోగ్రామును, ఆపండి. విండోస్ ఫోల్డర్‌లో సిస్టమ్32, అందులో స్పూల్, అందులో ప్రింటర్స్ అనే ఫోల్డర్ ఉంటుంది. దాని లోపలి ఫైళ్లను మాత్రమే తుడిచేసి, స్పూలర్‌ను తిరిగి మొదలుపెట్టండి. ప్రింటర్ వరుస కిటికీలో ఆఫ్‌లైన్‌గా వాడు అనే ఎంపికకు టిక్ పడి ఉందేమో కూడా చూడండి.

మీరు అడగలేదు కానీ ఫోటో కాగితం మీద నలుపు వేలికి అంటుకుంటోందని పక్కవాక్యంలో రాశారు. అది జబ్బు కాదు, సెట్టింగు. డ్రైవర్‌లో సాదా కాగితం అని ఉంటే ప్రింటర్ పిగ్మెంట్ నలుపును వాడుతుంది, నున్నటి ఫోటో కాగితం ఆ పొడిని లోపలికి పీల్చుకోలేదు. ఫోటో కాగితం అని ఎంచుకుంటే ఇలాంటి యంత్రాలు ఆ నలుపును పక్కనపెట్టి రంగుల డై ఇంకులు కలిపి నలుపు తయారుచేస్తాయి. ముందు మెజెంటా రానివ్వండి, అప్పటిదాకా ఆ నలుపు కూడా ఆకుపచ్చగానే వస్తుంది.

స్పాంజి ప్యాడ్ సంగతి కూడా మనసులో పెట్టుకోండి. యంత్రం దాన్ని తూచదు, ఎన్ని క్లీనింగులు జరిగాయో లెక్కపెట్టుకుంటుంది. లెక్క నిండిందంటే ఇంకు ప్యాడ్ ఆయుష్షు తీరిందని చెప్పి ఆగిపోతుంది. కొత్త మోడళ్లలో మెయింటెనెన్స్ బాక్స్ అని ఒక డబ్బా ఉంటుంది, తీసి కొత్తది పెట్టుకోవచ్చు. మీది పాతరకమైతే ప్యాడ్ మార్చాకే లెక్కను సున్నా చేయించాలి. లెక్క మాత్రం సున్నా చేసే చిట్కా సాఫ్ట్‌వేర్లు తిరుగుతుంటాయి. ప్యాడ్ మార్చకుండా అవి వాడితే ఇంకు ఏదో ఒకరోజు బల్ల మీదికి కారుతుంది.

బాగయ్యాక వారానికొకసారి నాలుగు రంగులూ ఉన్న ఒక పేజీ ముద్రించండి. ఆపేటప్పుడు ముందు ప్రింటర్ బటన్ నొక్కి, లోపలి చప్పుడు ఆగాకే గోడ స్విచ్ ఆపండి. నేరుగా గోడ దగ్గర ఆపితే హెడ్ క్యాప్ మీదికి చేరకముందే కరెంటు పోతుంది, నాజిళ్లు రాత్రంతా గాలికి ఆరుతాయి. మళ్లీ ఇల్లు మారితే పడుకోబెట్టకండి, నిలబెట్టే తీసుకెళ్లండి.

ఈ రాత్రికి ట్యాంకులన్నింటిలో మూడోవంతుకు పైగా ఉందో లేదో చూసి, పెద్ద క్లీనింగ్ ఒకటి చేసి, బటన్‌తో ఆపేయండి. రేపు సాయంత్రం నాజిల్ చెక్ తీయండి. ఆ తరువాతే నలుపు కోసం క్యాప్‌లో నీళ్లు పోయండి. మెజెంటా గడిలో ఎన్ని గీతలు వచ్చాయో, నలుపులో ఖాళీలు పాత మూడుచోట్లే ఉన్నాయో జరిగాయో, క్యాప్‌లో పోసిన నీళ్లు ఉన్నాయో పోయాయో, ఈ మూడూ రాయండి. గొట్టంలో ఇంకు నిండుగా కనిపిస్తూ కూడా మెజెంటా ఒక్క గీతైనా గీయకపోతే అప్పుడు హెడ్‌లోని విద్యుత్ భాగాన్ని అనుమానించి, హెడ్ ఒక్కటే మార్చడానికి వీలైన మోడలా కాదా చూద్దాం.